మా ఇంట్లో ఏడో పీట

"ఏమండీ, ఈసారి సెలవులకి మా బాబుకి మీ ఇంట్లో చోటుంటుందా?"

మార్చి నెల వచ్చిందంటే చాలు, మా ఇంట్లో ఫోను ఇలా మోగడం మొదలవుతుంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏరుకోనన్నా ఏరుకోం, అప్పుడే వేసవి సెలవుల సంగతి అడిగేస్తారు తల్లులు. వాళ్ల బాధ వాళ్లది. సెలవులంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఉద్యోగానికి వెళ్లే తల్లికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. పొద్దున తొమ్మిదింటికి తను గడప దాటితే, సాయంత్రం దాకా పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?

ఆ 'ఎవరు' అన్న ప్రశ్నకి మా వీధిలో కొందరికి దొరికిన జవాబు నేను. మాది విజయవాడ సత్యనారాయణపురం. బీకాం చదివాను. పెళ్లయ్యాక ఉద్యోగం ప్రయత్నించలేదు. మా వాడు పుట్టాక ఆ ఊసే మర్చిపోయాను. తీరిక దొరికినప్పుడు నాలుగు కథలు రాసుకోవడం తప్ప నాకంటూ వేరే వ్యాపకం లేదు. 2018లో మా పక్కింటి టీచరుగారు, "సాయంత్రం నేనొచ్చేదాకా మా అమ్మాయిని మీ దగ్గర కూర్చోబెట్టుకుంటారా?" అని మొహమాటపడుతూ అడిగారు. అలా ఒకరితో మొదలై, ఇద్దరై, నలుగురయ్యారు. కరోనా రోజుల్లో అంతా ఆగిపోయింది. 2022లో మళ్లీ మొదలుపెట్టాను.

బడి ఉన్న రోజుల్లో ఇది పెద్ద పనేం కాదు. పిల్లలు మూడున్నరకో నాలుక్కో వస్తారు. ఏదో ఒకటి తింటారు, హోంవర్కు చేసుకుంటారు, కాసేపు కొట్టుకుంటారు, అంతలో అమ్మలు వచ్చేస్తారు. అసలు కథంతా సెలవుల్లోనే! రెండున్నర గంటల పని కాస్తా పది గంటల పని అవుతుంది. బడి రోజుల్లో పంపనివాళ్లు కూడా సెలవుల్లో చోటు కావాలంటారు. బడి రోజుల్లో పంపేవాళ్లలో కొందరేమో పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేస్తారు. "జూన్‌లో మళ్లీ మా చోటు మాకే ఉంచాలి సుమండీ!" అని మాట తీసుకుని మరీ వెళతారు. ఉన్న చోటు ఎంత, ఎవరికి ఎన్ని రోజులు, వెళ్లినవాళ్ల చోటు ఖాళీగా ఉంచాలా వద్దా... ఈ లెక్క తేల్చుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. రెండు తప్పులు కూడా పట్టాయి. ఆ రెండూ మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

కాదనలేక తొమ్మిదిమంది

మొదటి తప్పు 2023లో చేశాను. ఆ ఏడు మన రాష్ట్రంలో సెలవులు మే 1న మొదలయ్యాయి. జూన్ 12న బడులు తెరిచారు. సరిగ్గా ఆరు వారాలు. అడిగినవాళ్లందరికీ సరేనన్నాను. కాదంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఒకటి, నిజం చెప్పొద్దూ, డబ్బు వస్తుందన్న ఆశ ఒకటి. లెక్క చూస్తే మా వాడితో కలిపి తొమ్మిదిమంది!

మా ఇల్లు ఎంతనుకున్నారు? ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. హాల్లో తొమ్మిది చాపలు పరిస్తే కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒకడు నీళ్లంటాడు, ఒకతి బాత్‌రూమంటుంది, ఇద్దరు జుట్లు పట్టుకుంటారు. మా అత్తయ్య పాపం మోకాళ్ల నొప్పులతోనే అందరికీ మజ్జిగ గ్లాసులు అందించేవారు.

మే మూడో వారంలో ఒకరోజు, మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను వంటింట్లో పెరుగన్నం కలుపుతున్నాను. హాల్లోకి వచ్చి కంచాలు పెడితే ఎనిమిది కంచాల ముందే పిల్లలున్నారు. తొమ్మిదో కంచం పండుది. ఆరేళ్లవాడు. "పండేడిరా?" అంటే ఎవరికీ తెలీదు. బాత్‌రూములో లేడు, మంచం కింద లేడు, మేడ మీద లేడు. వీధి గేటు మాత్రం బార్లా తీసి ఉంది.

విజయవాడలో పిల్లాడు కనిపించలేదంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కాలవే. ఊరి మధ్యనుంచే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారుతుంటాయి మరి. మిగిలిన ఎనిమిదిమందినీ అత్తయ్యకి అప్పగించి, చెప్పులన్నా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. ఆ ఎండలో తారురోడ్డు మీద కాళ్లు కాలిన సంగతి సాయంత్రందాకా తెలీలేదు నాకు.

రెండు వీధుల అవతల దొరికాడు. ఐసు బండివాడి పక్కన నుంచుని దర్జాగా గంట వాయిస్తున్నాడు. మొత్తం ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో మనిషి ఎన్నిసార్లు చావొచ్చో ఆరోజే తెలిసింది.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. చెప్పకపోయినా ఆవిడకి తెలిసేది కాదు. పండుకి అదొక తప్పనే తెలీదు కదా! కానీ నోరు నొక్కుకుని ఉండలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. మర్నాటి నుంచి పంపలేదు. నేను ఆవిణ్ణి తప్పుపట్టను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ పంపేదాన్ని కాదు.

ఆ రాత్రి మావారు చిన్న ప్రశ్న వేశారు. "ఒక్కసారి తల తిప్పితే ఎంతమందిని లెక్కపెట్టగలవు?" అని. మర్నాడు చూసుకున్నాను. పప్పు కలుపుతూ, వెనక్కి తిరిగి, ఒక్క చూపులో ఎంతమంది ఉన్నారో చెప్పగలిగేది ఆరుగురి దాకానే. ఏడో మనిషి వస్తే వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. అంతే, ఆరే నా లెక్క అయింది. మా వాడు కాక ఆరుగురు. మా అత్తయ్య మాటల్లో చెప్పాలంటే, 'ఆరు పీటలు'.

42 గళ్ల పట్టిక

ఆ తర్వాతి ఏడాది, అంటే 2024లో, ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను. పాత క్యాలెండరు కాగితం వెనక స్కేలుతో పట్టిక గీశాను. అడ్డంగా వారాలు, నిలువుగా పిల్లలు. ఆ ఏడు సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. లెక్కేస్తే 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. ఆరు పీటలు, ఏడు వారాలు... మొత్తం 42 గళ్లు.

ఇంట్లో పిల్లల్ని చూసుకునే అక్కచెల్లెళ్లకి పనికొస్తుందేమోనని నేను పెట్టుకున్న కట్టుబాట్లు చెబుతాను.

మొదటిది, ముందు ఉన్నవాళ్లని అడగాలి. మార్చి మొదటి వారంలోనే, బడి రోజుల్లో పంపే తల్లులందరికీ ఒక చీటీ ఇస్తాను. ఏ వారాలు పంపుతారు, ఏ వారాలు ఊరెళతారు, రాసిమ్మంటాను. ఉగాది దాకా గడువు. ఆ తర్వాత మిగిలిన గళ్లే కొత్తవాళ్లకి. నోటిమాట పనికిరాదు. 'చూద్దాంలెండి' అన్నది నా పట్టికలో ఏ గడిలోనూ పట్టదు.

రెండోది, చోటు ఉంచాలంటే సగం రుసుము. ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు మొదట్లో. పిల్లాడు రాకుండా డబ్బు తీసుకోవడమేమిటి అనిపించేది. కానీ ఆ గడి ఖాళీగా ఉంచితే నష్టపోయేది నేనే. వేరేవాళ్లకిస్తే జూన్‌లో పాతవాళ్లకి చోటుండదు. సెలవుల్లో రోజంతా చూసుకున్నందుకు వారానికి వెయ్యి తీసుకునేదాన్ని. ఊరెళ్లిన వారాలకి ఐదువందలు. ఒకరిద్దరు మొహం చిట్లించినా, అందరికీ ఒకటే లెక్క అని తెలిశాక ఒప్పుకున్నారు.

మూడోది, మన సెలవు కూడా ముందే చెప్పాలి. మా చెల్లెలింట్లో పెళ్లి ఉంటే, నేను వెళ్లే రోజుల్ని చీటీలోనే రాసేస్తాను. తల్లులు వాళ్ల ఆఫీసుల్లో లీవు అడుక్కోవడానికి వ్యవధి ఉండాలి కదా!

నాలుగోది, రాసుకునే పుస్తకం. పిల్లాణ్ణి ఎవరెవరు తీసుకెళ్లొచ్చు, ఏ తిండి పడదు, ఏ డాక్టరు దగ్గర చూపిస్తారు, తల్లీతండ్రీ ఇద్దరి ఫోను నంబర్లు... ఇవన్నీ ఒక పేజీలో. ఆ పేజీలో లేని మనిషి సాక్షాత్తూ మేనమామనంటూ వచ్చినా, తల్లికి ఫోను చేయనిదే పిల్లాణ్ణి పంపను. తల్లి రాసివ్వని మందు నా చేత్తో వెయ్యను.

ఐదోది, గేటు. పైన అందనంత ఎత్తులో గడియ పెట్టించాను. తాళం మాత్రం వెయ్యను. ఏ అవసరం వచ్చినా పెద్దవాళ్లు క్షణంలో తియ్యగలగాలి.

ఇక రోజు గడవడమంటారా, అదంత కష్టం కాదు. భోజనం ఎవరి డబ్బా వాళ్లదే. పెరుగు, మజ్జిగ మా ఇంట్లోవి. పొద్దున ఎండ ముదరకముందే వరండాలో ఆటలు. పది దాటితే లోపలే. మా అత్తయ్య అటకమీంచి వామనగుంటల పీట దించారు. చింతపిక్కలతో ఆడటం నేర్పారు. ఈ కాలం పిల్లలు ఆడతారా అనుకున్నాను గానీ, అష్టాచెమ్మా దగ్గర వాళ్లు చేసే గొడవకి వీధి చివరిదాకా వినబడేది. సెల్‌ఫోన్లు లేవు, టీవీ సాయంత్రం ఒక గంట. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా చాపలు. నిద్రపోకపోయినా సరే, పడుకోవాల్సిందే. కరెంటు పోతే విసనకర్రలు. ఆ రెండు గంటల్లోనే నా కథల కాగితాలు బయటికి తీసేదాన్ని. ఆవకాయ పెట్టే రోజు మాత్రం ఆ భాగ్యం కూడా ఉండదు. ఆ రోజు మామిడి ముక్కలు తుడిచే పని పిల్లలది. "తడి చేత్తో ముట్టుకుంటే ఆవకాయ బూజు పడుతుందర్రా!" అని అత్తయ్య అరుస్తూనే ఉంటారు.

ఇంత పకడ్బందీగా చేసుకున్నాక ఇంక తప్పెక్కడ జరుగుతుంది అనుకున్నాను. జరిగింది.

"ఆంటీ, టైమెంత?"

2024 ఏప్రిల్ 27. సెలవులు మొదలై నాలుగో రోజు. సాయంత్రం ఒకావిడ మా గుమ్మం ముందు నుంచుంది. బీసెంట్ రోడ్డు వైపు ఒక బట్టల కొట్లో పనిచేస్తోందట. మా వెనక వీధిలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోందట. భర్త లేడు. కూతురు మూడో తరగతి పాసై నాలుగుకి వచ్చింది. "మీరు పిల్లల్ని చూస్తారని చెప్పారక్కా. మా చిన్నిని కూడా..." అంది.

నేను లోపలికెళ్లి పట్టిక చూశాను. ఆరు వరసల్లోనూ పేర్లున్నాయి. బయటికొచ్చి, "ఏమీ అనుకోకమ్మా, ఖాళీ లేదు. ముందే చెప్పుంటే బాగుండేది" అన్నాను. "నాకేం తెలుసక్కా! ఎప్పుడూ మా అమ్మ వచ్చి ఉండేది. ఈసారి ఆవిడకి ఒంట్లో బాగాలేదు" అని, ఇంకేం అడక్కుండా వెళ్లిపోయింది. ఏడో మనిషిని ఒప్పుకోకుండా మాట మీద నిలబడ్డానని ఆ పూట నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పండు కోసం పరిగెత్తిన రోజు ఇంకా మర్చిపోలేదు మరి.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మందుల షాపు నుంచి వస్తూ, ఎండకి అడ్డదారి పట్టి వెనక వీధిలోంచి నడుస్తున్నాను. ఒక రేకుల గది కిటికీలోంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది.

"ఆంటీ, టైమెంత?"

"రెండుంపావు" అన్నాను. తలుపుకి బయటనుంచి తాళం. "నీ పేరేంటమ్మా?" అంటే "చిన్ని" అంది. గుండె జారిపోయింది. "అమ్మ ఎనిమిదిన్నరకి వస్తుంది. అన్నం డబ్బాలో ఉంది, తినేశాను. గడియారం ఆగిపోయింది. అందుకని వెళ్లేవాళ్లని అడుగుతున్నా" అంది, అదేదో మామూలు విషయమన్నట్టు. పైన రేకులు, మే నెల ఎండ, లోపల ఒక టేబుల్ ఫ్యాను. కరెంటు పోతే? ఏ వైరన్నా కాలితే? తాళంచెవి నాలుగిళ్ల అవతల ఎవరిదగ్గరో ఉందట.

ఆ తల్లిని అనడానికి నాకు నోరుందా? ముందు నా గుమ్మానికే వచ్చింది కదా ఆవిడ!

ఇంటికొచ్చి మళ్లీ పట్టిక ముందు కూర్చున్నాను. ఈసారి పేర్లు కాదు, గళ్లు చూశాను. సగం రుసుము గళ్లకి నేను పెన్సిలుతో అడ్డగీత పెట్టుకుంటాను. బ్యాంకులో చేసే ఆవిడ కొడుకు మే 8 నుంచి 28 దాకా హైదరాబాదులో నానమ్మగారింట్లో ఉంటాడు. మూడు అడ్డగీతలు. టీచరుగారికి ఎలాగూ సెలవులే, వాళ్లమ్మాయి రానక్కర్లేదు. కానీ అది ఎన్నికల ఏడాది. మే 13న పోలింగు, జూన్ 4న కౌంటింగు. ఆ డ్యూటీలకీ, ముందు శిక్షణకీ ఎప్పుడు పిలుస్తారో తెలీక మూడు వారాలు ఉంచమన్నారు. మిగిలిన నాలుగూ అడ్డగీతలే. మొత్తం ఏడు గళ్లు ఖాళీ!

'ఖాళీ లేదు' అని చెప్పిన నా పట్టికలో ఏడు వారాల ఖాళీ ఉంది. పేర్లు చూశాను గానీ గళ్లు చూడలేదు. పోనీ చూసినా, 'డబ్బు కట్టినవాళ్ల చోటు, నాకేం హక్కు?' అనుకునేదాన్నేమో. కానీ వాళ్లని ఒక్క మాట అడగడానికి ఎవరు అడ్డమొచ్చారు?

ఆ రాత్రే ఇద్దరికీ ఫోన్ చేశాను. టీచరుగారు వెంటనే, "దానికి నన్నడగాలా?" అన్నారు. బ్యాంకావిడ కొంచెం ఆలోచించారు. "ఇస్తే అభ్యంతరం లేదండీ. కానీ మావాడు ముందే వచ్చేస్తే?" అన్నారు. న్యాయమైన మాటే. "వస్తే మీ పీట మీదే. ఆ పూచీ నాది" అన్నాను.

చిన్నివాళ్లమ్మ ఊరికే పంపనంది. నెలకి పదకొండు వేల జీతంలో వారానికి వెయ్యి ఆవిడెక్కడ తేగలదు? ఆ గళ్లకి సగం రుసుము ముందే వచ్చింది కనక మిగతా సగం, అంటే ఐదువందలు చాలన్నాను. ఈ లెక్క పీటలవాళ్లిద్దరికీ కూడా చెప్పాను. దాచిపెడితే రేపు మాటొస్తుంది. దయ చూపించినట్టు కాకుండా లెక్క ప్రకారం జరగడమే ఆ అమ్మకి నచ్చింది. మే 8 పొద్దున్నే చిన్ని, జడలు వేసుకుని, డబ్బా పట్టుకుని వచ్చేసింది. వచ్చీ రాగానే మా హాల్లో గోడగడియారం చూసి, "ఇది నడుస్తోందే!" అంది.

ముందే వచ్చేశాడు!

అనుకున్నంతా అయింది. మే 22న బ్యాంకావిడ దగ్గర్నుంచి ఫోను. నానమ్మగారు జారిపడి చెయ్యి విరిగిందట. పిల్లాణ్ణి ఆ రాత్రి బస్సుకి తీసుకొచ్చేస్తున్నారట. "రేపట్నుంచి పంపుతానండీ" అన్నారు. నేను మాటిచ్చాను కదా, సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక చెమటలు పట్టాయి. ఏడుగురు!

"నాలుగు రోజులేగా, సర్దుకో" అన్నారు అత్తయ్య. వద్దన్నాను. పండు వెళ్లిపోయింది కూడా ఒక్క పూటలోనే. మావారు, "రూలు రూలే. డబ్బు కట్టినవాళ్లది మొదటి హక్కు" అన్నారు. అదీ నిజమే. కానీ చిన్నిని మళ్లీ ఆ రేకుల గదికి పంపే ధైర్యం నాకు లేదు. మళ్లీ పట్టికే దిక్కయింది. ఆ వారం టీచరుగారి గడికి అడ్డగీత ఉంది! చిన్ని పేరు పై వరసలోంచి కింది వరసలోకి మార్చాను. అంతే. ఇంత గాభరాకీ ఒక్క రబ్బరు ముక్కతో తీరిపోయింది.

జూన్ మొదటి వారంలో మాత్రం రబ్బరు పనిచెయ్యలేదు. కౌంటింగు డ్యూటీ కోసం జూన్ 3, 4 తేదీల్లో టీచరుగారమ్మాయి రావాలి. ఆ రెండు రోజులూ అన్ని పీటలూ నిండిపోయాయి. సంగతి చెబితే ఈసారి వాళ్లాయన లీవు పెట్టారు. "ఎలక్షన్ డ్యూటీ ఆవిడకి, పిల్ల డ్యూటీ నాకు" అని నవ్వారాయన. ఆ మాట మా వీధిలో మగవాళ్లందరికీ వినిపిస్తే బాగుండుననిపించింది నాకు. ఇన్నేళ్లలో సెలవుల చోటు గురించి నాకు ఫోన్ చేసిన తండ్రి ఒక్కడంటే ఒక్కడు లేడు మరి!

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు జూన్ 12న తెరవాల్సిన బడులు ఒకరోజు వెనక్కి వెళ్లి 13న తెరిచారు. 12న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం. నా 42 గళ్లలో ఆ ఒక్క రోజుకీ చోటు లేదు. తల్లులందరూ వరసగా ఫోన్లు! అప్పట్నుంచి పట్టిక చివర ఒక వరస వట్టినే వదిలిపెడుతున్నాను. ప్రభుత్వం వారి దయ ఎప్పుడెలా ఉంటుందో ఎవరికి తెలుసు?

డబ్బు మాట

"పిల్లల్ని చూసుకోవడానికి కూడా డబ్బులేనా? మా రోజుల్లో ఇరుగుపొరుగు చూసుకునేవాళ్లు కాదూ!" అంటారు కొందరు పెద్దవాళ్లు. చూసుకునేవాళ్లే, కాదనను. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ఆడమనిషి పొద్దస్తమానం ఉండేది కనక చూసుకునేది. ఆవిడ పనికి లెక్క కట్టినవాళ్లు లేరు కనక ఊరికే జరిగినట్టుండేది. అమ్మమ్మలు ఇప్పుడూ ఉన్నారు. కానీ కొందరు వేరే ఊళ్లలో ఉన్నారు, కొందరికి మోకాళ్లు పట్టేశాయి, కొందరు తామే ఉద్యోగాలు చేస్తున్నారు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించారు. పనిచేసే తల్లుల పిల్లల కోసం 'పాల్నా' అని ఒక కేంద్ర పథకం కూడా వచ్చింది. అది ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు వాళ్లకి. అంగన్‌వాడీలూ ఆరేళ్లలోపు వాళ్లకే. ఆరు దాటితే బడి ఉంది కదా అని అందరి ధీమా. ఆ బడికి ఏడు వారాలు తాళం పడితే? పదిమంది పనిచేసే బట్టల కొట్లో, తొమ్మిదేళ్ల చిన్నికి ఏ లెక్కలోనూ చోటు లేదు. అందుకే ఆ తాళం వచ్చి ఇంటి తలుపుకి పడింది.

నేనేదో ఘనకార్యం చేశానని చెప్పడం లేదు. పది రోజులు ఆ పిల్ల కిటికీ దగ్గర నుంచుని వెళ్లేవాళ్లని టైమడిగింది. ఆ పది రోజుల్లో కొన్నయినా నా ఖాతాలోవే. అది నేను మర్చిపోను.

కాకపోతే ఒక మార్పు చేశాను. ఇప్పుడు మార్చిలో ఇచ్చే చీటీలో కింద ఒక ప్రశ్న అదనంగా ఉంటుంది. 'మీరు ఊరెళ్లిన వారాల్లో మీ పీట అవసరమైన పిల్లలకి ఇవ్వవచ్చా?' అని. ఇవ్వొచ్చంటే ఒక టిక్కు. ఇప్పటిదాకా కాదన్నవాళ్లు ఒక్కరే. వాళ్ల కారణం వాళ్లకుంటుంది, నేను గుచ్చి అడగలేదు. టిక్కు పెట్టిన గళ్లన్నీ కలిపి పట్టిక అడుగున ఏడో వరసగా గీస్తున్నాను. అందులో పేరు ముందే రాయను. ఏప్రిల్ చివర్లో గుమ్మం ముందు మొహమాటంగా ఎవరు నుంచుంటారో తెలీదు కదా! ఇంట్లో పిల్లలు మాత్రం ఆరుగురే. ఏడో పీట అంటే ఏడో మనిషి కాదు, ఆరు పీటల్లో ఎప్పటికప్పుడు ఖాళీ అయ్యేదే.

పిల్లల్ని ఎవరింట్లోనైనా వదిలే తల్లులకి ఒక మనవి. మీ తేదీలు ముందే చెప్పండి. ఊరెళుతుంటే ఆ సంగతీ చెప్పండి. మీ పిల్లాడి చాప మడిచి మూల పెట్టి ఉండటం కన్నా ఇంకో పిల్ల దాని మీద పడుకుంటే నష్టమేమీ లేదు. ఇంట్లో పిల్లల్ని చూసుకునే నాలాంటి వాళ్లకి ఇంకో మనవి. 'లేదు' అనే ముందు గళ్లు ఇంకోసారి చూడండి. నిజంగా లేకపోతే నిర్మొహమాటంగా లేదనే చెప్పండి. తలకి మించి పెట్టుకుంటే పిల్లలకే ముప్పు.

చిన్ని ఇప్పటికీ సెలవులకి మా ఇంటికే వస్తోంది. చిన్న పిల్లలకి అష్టాచెమ్మా నేర్పే పెత్తనం దానిదే. మధ్యాహ్నం చాపల వేళ ఎవరైనా పడుకోకుండా గునిసి, "చిన్నక్కా, మూడయిందా?" అనడిగితే, గడియారం వైపు చూడకుండానే, "కాలేదు, పడుకో" అంటుంది గంభీరంగా.

ఆ మాట విని నేను నవ్వు ఆపుకుంటూ నా కథలో ఇంకో వాక్యం రాసుకుంటాను. మూడయ్యే దాకా ఆ గంట నాది కదా మరి!